ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాళ్లు: సేకరణల నిర్వహణ విధానం ఎందుకు, ఎలా?

చెన్నై ఎగ్మూరులో, పాంథియన్ రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లిన తెలుగు కుటుంబాలు అమరావతి శిల్పాల దగ్గర తప్పక ఆగుతాయి. కృష్ణాతీరపు రాయి, పలనాటి సున్నపురాయి, సుమారు రెండు వేల ఏళ్లనాటి ఉలి పనితనం. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడినవారికి అది పుట్టింటి వస్తువును పరాయి ఊరిలో చూసినట్లు ఉంటుంది. అక్కడే సహజంగా కొన్ని ప్రశ్నలు పుడతాయి. ఈ రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయి? ఎవరు తెచ్చారు, ఏ హక్కుతో తెచ్చారు? దారిలో పోయినవి ఎన్ని? ఇప్పుడు వీటికి బాధ్యులెవరు?

ఇటువంటి ప్రశ్నలకు ఒక మ్యూజియం ముందుగానే కాగితం మీద రాసిపెట్టుకునే సమాధానమే సేకరణల నిర్వహణ విధానం. ఏ వస్తువును స్వీకరించాలి, దేనిని మర్యాదగా నిరాకరించాలి, వచ్చిన దానిని ఎలా నమోదు చేయాలి, ఎలా కాపాడాలి, ఎవరికి ఎరువివ్వవచ్చు, ఏ పరిస్థితిలో తొలగించవచ్చు, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. చూడటానికి ఇది కార్యాలయపు దస్త్రమే. కాని అది లేకపోతే ఏమవుతుందో అమరావతి కథ చెబుతుంది.

ఏ విధానమూ లేని కాలం

18వ శతాబ్దం చివరలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అనే దిబ్బ నుంచి ఇటుకలూ రాళ్లూ తవ్వి తీశారు. ఆ దిబ్బ ఒక మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఈ వార్త విని కాలిన్ మెకంజీ 1797లో అక్కడికి వెళ్లాడు. మళ్లీ 1816లో సర్వే సిబ్బందితో, చిత్రకారులతో వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డున చెరువు తవ్వి ఉన్నది. మొదటిసారి చూసిన రాళ్లలో కొన్ని కనిపించలేదు. మిగిలిన వాటికి చిత్రాలు గీయించాడు. ఆ చిత్రాల్లో ఉన్న కొన్ని శిల్పాలు తరువాత పూర్తిగా అదృశ్యమయ్యాయి. నేడు వాటి ఉనికికి ఆ కాగితమే సాక్ష్యం. మెకంజీ పరిశోధనకు అండగా నిలిచిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు తెలుగువారన్నది ఈ సందర్భంలో గుర్తుంచుకోదగిన విషయం.

తరువాత రాళ్లు తలా ఒక దిక్కుకు పోయాయి. కొన్ని కలకత్తాకు, కొన్ని లండనుకు. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొత్తగా కట్టించిన అంగడి కూడలికి అలంకారంగా 33 రాళ్లను తెప్పించి నిలబెట్టాడు. ఆయన పేరు మీదనే రాబర్ట్‌సన్‌పేట ఈనాటికీ ఆ ఊరిలో ఉన్నది. 1845లో వాల్టర్ ఎలియట్ మళ్లీ తవ్వించి దొరికిన శిల్పాలను మద్రాసుకు పంపాడు. అవి కాలేజీ భవనం ముందు ఆరుబయట ఎండకూ వానకూ ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 1851లో మ్యూజియం ఏర్పడి, ఎడ్వర్డ్ బాల్ఫర్ దాని బాధ్యత స్వీకరించిన తరువాతనే వాటి గురించి పట్టించుకున్న నాథుడు దొరికాడు.

1859లో 121 రాళ్లను ఓడకెక్కించి లండనుకు తరలించారు. అక్కడ వాటికి సిద్ధం చేసిన చోటు లేదు. 1867లో చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వెదికినప్పుడు అనేక శిల్పాలు ఫైఫ్ హౌస్ అనే భవనపు బండ్లశాలలో చెత్త మధ్య కనిపించాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అదే ఏడాది అమరావతిలో మిగిలిన దిబ్బనంతటినీ ఒక్కసారిగా తవ్వించారు. మరుసటి ఏడాది పురావస్తు సర్వే తరఫున వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు ఏ రాయి ఏ చోట నిలిచి ఉండేదో తెలుసుకునే అవకాశం చాలా మేరకు పోయింది. స్తూపపు ప్రాకారంలో ఒక స్తంభం తూర్పు వాకిటిదో పడమటి వాకిటిదో తెలియకపోతే, దానిపై చెక్కిన కథకు ముందువెనుకలు తెగిపోతాయి. రాయి మిగిలింది, దాని చిరునామా పోయింది.

ఈ వ్యవహారంలో చెడ్డ ఉద్దేశం ఉన్నవారు తక్కువే. చాలామంది శిల్పాలను మెచ్చినవారే, కొందరు నిజంగా కాపాడాలనుకున్నవారు. లోపించినది ఇష్టం కాదు. ఒక అధికారి మారితే ఇంకొకరు ఏమి చేయాలో చెప్పే నియమం.

ముందుగా పరిధి

విధానం రాయడానికి కూర్చున్న మ్యూజియం మొట్టమొదట తేల్చుకోవలసినది తన పరిధి. ప్రపంచంలోని ప్రతి మంచి వస్తువునూ ఒకే ఇంట్లో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఎగ్మూరు మ్యూజియం మద్రాసు లిటరరీ సొసైటీ ఇచ్చిన సుమారు 1,100 భూగర్భ నమూనాలతో మొదలైంది. త్వరలోనే శిలలతో పాటు జంతువుల అస్థిపంజరాలు, నాణేలు, ఆయుధాలు, విగ్రహాలు వచ్చి చేరాయి. బాల్ఫర్ ఆవరణలో బ్రతికి ఉన్న పులినీ చీతానీ కూడా ఉంచాడు. వాటిని చూడటానికి జనం విరగబడ్డారు. అయితే పులిని పోషించడం వేరు, రాతిని భద్రపరచడం వేరు. 1863 నాటికి ఆ జంతువులు పీపుల్స్ పార్కుకు తరలిపోయాయి. నేటి వండలూరు జంతుప్రదర్శనశాలకు మూలం అదే. నగరంలో పాత తరం తమిళులు జంతుశాలను 'ఉయిర్ కాలేజి' అనీ, మ్యూజియాన్ని 'సెత్త కాలేజి' అనీ పిలిచేవారు. ప్రాణమున్న కాలేజి, ప్రాణం పోయిన కాలేజి అని అర్థం. ఏది ఎక్కడ ఉండాలన్న పరిధి నిర్ణయాన్ని జనం తమ మాటలో అంత చక్కగా చెప్పుకున్నారు.

పరిధి స్పష్టంగా ఉంటే నిరాకరించడం సులభమవుతుంది. ఉదాహరణకు, తెలుగు తాళపత్ర గ్రంథం ఒకటి ఎవరైనా తెచ్చారనుకుందాం. శిల్పాల మ్యూజియం దానిని పుచ్చుకోవడం కంటే, సి.పి.బ్రౌన్ సేకరించిన తెలుగు గ్రంథాలు ఉన్న ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి దారి చూపడమే మేలు. అక్కడ ఆ లిపి చదవగలవారూ, ఆ ఆకులకు నూనె పట్టించి కాపాడగలవారూ ఉంటారు. 'మా దగ్గర వద్దు' అనడం ఒక్కోసారి వస్తువుకు చేసే గొప్ప ఉపకారం.

హక్కు ఎవరిది?

స్వీకరణ నియమాలలో అత్యంత ముఖ్యమైనది యాజమాన్య హక్కు. వస్తువు అందంగా ఉన్నది కదా అని పుచ్చుకుంటే చాలదు. ఇచ్చేవారికి దానిని ఇచ్చే హక్కు ఉన్నదా అని విచారించాలి. ప్రాచీన వస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది. నూరేళ్లు దాటిన శిల్పం, నాణెం, చిత్రం వంటివి ప్రాచీన వస్తువులు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ గల వ్రాతప్రతులకు ఆ గడువు 75 ఏళ్లు. వాటిని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. అమ్మకానికి లైసెన్సు కావాలి. కొన్ని రకాలను రిజిస్టరు చేయించాలి.

భూమిలో దొరికినవాటికి ఇంకా పాత చట్టం ఉన్నది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆ పది రూపాయల పరిమితి ఆనాటి ధరలనాటిది. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకుంటే లోహపు విలువకు అయిదవ వంతు కలిపి చెల్లిస్తుంది. తెలియజేయకుండా దాచుకున్నవారు తమ వాటా కోల్పోవడమే కాక శిక్షకూ గురవుతారు. పునాదులు తవ్వే పనిలో, బావుల పనిలో ఉండే కూలీలకు ఈ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం. ఇటువంటివి మొదట కంటబడేది వారికే. ఎగ్మూరు మ్యూజియంలోని కంచు విగ్రహాలలో, నాణేలలో పెద్ద భాగం ఈ దారినే వచ్చింది.

పూర్వచరిత్ర విచారించకుండా కొంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల అనుభవం చూపింది. తమిళనాడులోని శ్రీపురందాన్ ఆలయం నుంచి దొంగిలించిన నటరాజ విగ్రహాన్ని 2008లో అది అయిదు మిలియన్ డాలర్లు పెట్టి కొన్నది. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ ఎన్నో ఏళ్ల క్రితం ఆలయాలలో తీసి దాచిన ఫోటోలు అది ఎక్కడిదో బయటపెట్టాయి. 2014లో విగ్రహం తిరిగి వచ్చింది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి పోయిన శిల్పఫలకం కూడా అదే చిత్రశాలలో తేలి, 2016లో మన దేశానికి చేరింది. రెండు సందర్భాలలోనూ కొనుగోలుకు ముందు ఒక ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే సరిపోయేది: ఈ వస్తువు నిన్న ఎక్కడ ఉన్నది, అంతకు ముందు ఎక్కడ ఉన్నది?

దానంగా వచ్చే వాటికీ నియమం కావాలి. 'మా తాతగారి పేరు పెట్టి, ఎప్పుడూ గదిలో ముందు వరుసలోనే ఉంచాలి' వంటి షరతులతో ఇచ్చిన వస్తువు ముందు తరాల చేతులు కట్టివేస్తుంది. అందుచేత మంచి విధానం షరతులు లేని దానపత్రాన్నే కోరుతుంది. దాత పేరు నమోదులో శాశ్వతంగా ఉంటుంది, ప్రదర్శన మాత్రం మ్యూజియం విచక్షణకు వదలాలి. ఇది కొంత కటువుగా తోచవచ్చు. కాని ఏ మ్యూజియంలోనైనా చూపేవాటి కంటే లోపల భద్రపరచేవే ఎక్కువ. అది దాతకు ముందే చెప్పడం నిజాయితీ.

నమోదు: అసలు ప్రాణం

విధానంలోని అన్ని భాగాలలో నమోదు గురించిన భాగానికే ఎక్కువ పేజీలు ఇవ్వాలి. వస్తువు వచ్చిన రోజే దానికి ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య వస్తువు మీదా, చేర్పు రిజిస్టరులోనూ, ఫోటో వెనుకా ఒకటే ఉండాలి. కొలతలు, పదార్థం, ఎవరిచ్చారు, ఎక్కడ దొరికింది, వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉన్నది, పగుళ్లు ఎక్కడెక్కడ, ఇప్పుడు ఏ గదిలో ఏ అరలో ఉన్నది అన్నవన్నీ రాయాలి. రిజిస్టరులో కొట్టివేతలు కూడదు. తప్పు రాస్తే ఎర్ర సిరాతో సరిచేసి, తేదీ వేసి సంతకం చేయడం పాత గుమాస్తాలు నేర్పిన మంచి పద్ధతి. మన దేశంలో కేంద్ర మ్యూజియాల కోసం పుణెలోని సీడాక్ రూపొందించిన 'జతన్' వంటి కంప్యూటరు పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. అయినా పుస్తకం రూపంలో ఒక ప్రతి వేరొక చోట ఉండటం మంచిది.

అమరావతి కథలో కూడా నమోదు చేసిన మేలు ఉన్నది. 1856లో విలియం టేలర్ ఎలియట్ రాళ్ల మీద నివేదిక రాశాడు. 1858లో ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లీనియస్ ట్రైప్ మద్రాసులోనే వాటికి ఫోటోలు తీశాడు. ఓడెక్కకముందు ఏ శిల్పం ఎలా ఉన్నదో నేటికీ వాటిని చూసి పోల్చవచ్చు. నేడు ఎరువుకు పంపే ప్రతి వస్తువుకూ ముందుగా స్థితి నివేదిక రాయాలన్న నియమం ఉన్నది. ట్రైప్ చేసిన పని, ఆ పేరు లేకపోయినా, అదే. తరువాత 1942లో సి.శివరామమూర్తి మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై వెలువరించిన బృహద్గ్రంథం ఒక్కొక్క రాతినీ వర్ణించి వర్గీకరించింది. పరిశోధకులు ఈనాటికీ దానిని తెరవక తప్పదు.

అలాగే రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఉదాహరణ. 1863లో పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన ఈ భూగర్భ శాస్త్రజ్ఞుడు కర్నూలు, బళ్లారి ప్రాంతాలలో జీవితమంతా రాతి పనిముట్లు ఏరాడు. 1904లో మ్యూజియం ఆయన సేకరణను కొన్నది. పనిముట్లతో పాటు అవి దొరికిన చోట్ల వివరాలు కూడా వచ్చాయి, ఆయనే వివరణ పట్టిక తయారు చేశాడు. చోటు తెలియని రాతి గొడ్డలి ఒక రాయి మాత్రమే. చోటు తెలిసినది ఒక ఊరి చరిత్ర.

నమోదు కాని వస్తువు పోయినా పోయినట్లు తెలియదు. 2023లో బ్రిటిష్ మ్యూజియం తన నిల్వగదుల నుంచి చిన్న ఆభరణాలు, చెక్కిన రత్నాలు వంటివి సుమారు రెండు వేలు పోయాయనో పాడయ్యాయనో ప్రకటించింది. వాటిలో చాలావాటికి పూర్తి పట్టిక లేదు. ఆ సంస్థ సంచాలకుడు రాజీనామా చేయవలసివచ్చింది. అంత సంపన్నమైన సంస్థకే అలా జరిగితే, ఏటా కొంత భాగం చొప్పున వస్తువులను రిజిస్టరుతో సరిచూడాలన్న నియమాన్ని చిన్న మ్యూజియాలు ఎంత గట్టిగా పాటించాలో ఊహించవచ్చు. సరిచూసే వ్యక్తి, ఆ వస్తువుల తాళంచెవి ఉన్న వ్యక్తి ఒకరే కాకూడదు.

కాపాడబోయి చెడగొట్టకూడదు

1880 దశకంలో మద్రాసులో అమరావతి ఫలకాలను గోడలో పోర్ట్‌లాండ్ సిమెంటుతో పొదిగారు. దొంగలు ఎత్తుకుపోరు, పడి పగలవు అన్న సదుద్దేశమే. బర్జెస్ దానిని అప్పుడే తప్పుపట్టాడు. సిమెంటులో కరిగే లవణాలు తేమతో కలిసి సున్నపురాతిలోకి చొచ్చుకుపోతాయి. ఎండినప్పుడు స్ఫటికాలై ఉబ్బి పైపొరను పొట్టులా రాలుస్తాయి. సముద్రం పక్కన ఉన్న చెన్నై గాలిలో తేమకూ ఉప్పుకూ కొరత లేదు. ఈ అనుభవం నుంచి పుట్టిన నియమం చిన్నది: వస్తువుకు చేసే ఏ చికిత్స అయినా, ఏ అమరిక అయినా తరువాత తీసివేయగలిగేదిగా ఉండాలి.

ఎగ్మూరు మ్యూజియమే దీనికి మంచి వైపునూ చూపింది. కంచు విగ్రహాలకు పట్టే పచ్చని తుప్పు, పైకి చిన్న మచ్చలా కనిపించి లోపల లోహాన్ని తినేస్తుంది. దానికి చికిత్స కోసం 1930లో రసాయన పరిరక్షణ ప్రయోగశాల నెలకొన్నది. ఎస్.పరమశివన్ అక్కడ విద్యుత్ విశ్లేషణ పద్ధతితో విగ్రహాలను బాగుచేశాడు. దేశంలో ఈ తరహా పనికి అది తొలి అడుగుల్లో ఒకటి.

సంరక్షణ నియమాలలో ఆపద ప్రణాళిక తప్పక ఉండాలి. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం, 2018 సెప్టెంబరులో రియో డి జనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం అగ్నికి ఆహుతయ్యాయి. చెన్నైలో 2015 డిసెంబరు వరదను చూసినవారికి నీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ నగరంలో కాగితాలను, నేతబట్టలను నేల గదిలో, నేల మీద పెట్టరాదని రాసుకోవడం విధానంలో అత్యంత చౌకైన వాక్యం.

ఎరువు, తొలగింపు

ఎరువిచ్చేటప్పుడు గడువు, బీమా, ప్రయాణం, తేమ పరిమితి, తిరిగి వచ్చాక పరిశీలన అన్నీ ఒప్పందంలో ఉండాలి. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం తొలికాలపు బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిపినప్పుడు తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు అక్కడ కనిపించాయి. 1859 నాటి ఓడ ప్రయాణానికీ దీనికీ భేదం దూరంలో లేదు, తిరుగు టికెట్టులో ఉన్నది.

తొలగింపు మరింత సున్నితమైనది. ఒకే ముద్ర గల నాణేలు వందల కొద్దీ దొరికినప్పుడు, వాటిలో కొన్నింటిని ఇతర మ్యూజియాలకు పంచే ఆచారం పూర్వం నుంచి ఉన్నది. పంచడం ఉదారమే. అయితే ఒకే కుండలో దొరికిన నాణేలు కలిసి ఉన్నప్పుడే ఆ కుండను పూడ్చిన కాలాన్ని చెప్పగలవు. కనుక పంచే ముందు మొత్తం కుప్పను నమోదు చేసి తీరాలి. తొలగింపును ఒక్క అధికారి నిర్ణయించకూడదు. సంఘం కూర్చుని కారణాలు రాయాలి. అమ్మవలసి వస్తే ఆ డబ్బు జీతాలకో భవనం సున్నానికో పోకుండా సేకరణకే ఖర్చు కావాలని అంతర్జాతీయ మ్యూజియం మండలి నైతిక నియమావళి చెబుతుంది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం తమిళుల వైపు ఉండిపోయింది. ఇక్కడికి చేరిన రాళ్లూ ఇక్కడే ఉండిపోయాయి. అమరావతి శిల్పాలు ఇప్పుడు అమరావతిలో, చెన్నైలో, లండనులో ఉన్నాయి. వాటిని ఒకచోటికి చేర్చాలా అన్న చర్చ తెలుగువారిలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ చర్చ ఏ వైపు తేలినా, ముందుగా ఏ రాయి ఎక్కడ ఉన్నదో, ఎప్పుడు ఏ దారిన వెళ్లిందో ఒకే పట్టికలో ఉండాలి. అది లేకుండా అడిగేవారికీ ఇచ్చేవారికీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంట్లో పాత వస్తువు ఉంటే

చెన్నైలోని తెలుగు ఇళ్లలో పాత తాళపత్రాలు, రాగిరేకులు, నాణేల మూటలు, తొలితరం వలసదారుల ఉత్తరాలు, ఫోటోలు ఇంకా ఉన్నాయి. తెలుగు సంఘాలూ చిన్న స్మారక గదులూ వాటిని సేకరించాలని తలపెట్టడం సహజం. అటువంటి సంఘం మొదట ఒక గట్టి అట్ట పుస్తకం కొని, ఉన్న వస్తువులకు వరుస సంఖ్యలు వేయడంతో పని ప్రారంభించవచ్చు. తరువాత తమ పరిధిని రెండు వాక్యాలలో రాసుకుని, స్వీకరణకు ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించుకుంటే, పెద్ద మ్యూజియాల విధానంలోని సారం చాలా వరకు చేతికి వచ్చినట్లే.

వస్తువు ఇవ్వదలచిన కుటుంబం ముందుగా ఇంట్లోనే దాని నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. పెద్దవారు ఉండగానే దాని కథను వారి మాటల్లో రాయించి పెట్టాలి. రాగిరేకును చింతపండుతో తోమరాదు. తోమితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. తాళపత్రాల చిరిగిన అంచులకు ప్లాస్టిక్ టేపు అంటించరాదు. మ్యూజియంలో వస్తువు అప్పగించినప్పుడు సంఖ్య, తేదీ, సంతకం ఉన్న రసీదు తీసుకోవాలి. అది పరిశీలనకు తాత్కాలికంగా ఇచ్చినదా, శాశ్వత దానమా అన్నది ఆ రసీదు మీదనే రాయించుకోవాలి.